నిందంతా కార్తీక స్నానం మీదే

కృష్ణలో కార్తీక స్నానం చేసొచ్చిన సాయంత్రానికే గొంతు గరగరలాడింది. రాత్రికి తుమ్ములు, తెల్లారేసరికి ముక్కు దిబ్బడ. "తడి తలతో ఆటోలో రావద్దంటే విన్నావు కాదు" అని అత్తయ్య. "నిన్న తిన్న జామకాయేనమ్మా" అని పక్కింటి పిన్నిగారు. మా వాళ్ల లెక్కలో ఏ జలుబుకైనా కారణం ముందురోజు తిన్నదాంట్లోనో చేసినదాంట్లోనో దొరికి తీరాలి.

నా అనుమానం మాత్రం యూకేజీ చదివే మా చిన్నాడి మీద. నాకంటే ముందే వాడికి ముక్కు కారుతోంది. వాడి ముక్కు తుడిచిన చెయ్యి మన కంటికో ముక్కుకో తగిలితే చాలు. ఎక్కువ జలుబులు తెచ్చేది రైనోవైరస్. అందులో 160 దాకా రకాలున్నాయి, అందుకే ఒకసారి వచ్చింది కదా ఇక రాదనుకోవడానికి లేదు, టీకా కూడా లేదు. ఒంట్లో చేరాక బయటపడటానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అంటే నేను నదిలో దిగేటప్పటికే అది నాలో ఉండి ఉంటుంది.

తర్వాత తల బరువెక్కింది, చెంపల దగ్గర నొప్పి, అన్నం చప్పగా గడ్డిలా ఉంది. చీమిడి పచ్చబడేసరికి మా ఆయన యాంటీబయాటిక్ తెస్తానని బయల్దేరారు. వద్దన్నాను. ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లోని ఎంజైముది, అది చూసి బ్యాక్టీరియా చేరిందని చెప్పలేం. వైరస్ మీద ఆ మందు పనిచేయదు కూడా. ఆవిరి పట్టుకుని, జ్వరంగా ఉన్నప్పుడు పారాసెటమాల్ వేసుకుని పడుకున్నాను. మిరియాల చారు జలుబు తగ్గించిందని చెప్పను గానీ, ఆ వారం నోటికి హితవుగా ఉన్నది అదొక్కటే.

అలాగని అత్తయ్య మాట పూర్తిగా కొట్టిపారేయలేను. ఇంగ్లండ్‌లో సాల్స్‌బరీ దగ్గర 1946లో మొదలైన జలుబు పరిశోధన కేంద్రంలో వాలంటీర్లను తడి బట్టలతో ఈదురుగాలిలో నిలబెట్టి చూశారు. చలికి జలుబు రాలేదు. కానీ 2005లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో 90 మంది చేత చన్నీళ్లలో కాళ్లు పెట్టిస్తే, తర్వాతి నాలుగైదు రోజుల్లో 13 మంది జలుబు చేసిందన్నారు. పెట్టని 90 మందిలో అన్నది ఐదుగురే. చలికి ముక్కులో రక్తనాళాలు ముడుచుకుంటే, అప్పటికే లోపల నక్కి ఉన్న వైరస్ విజృంభిస్తుందని అక్కడి పరిశోధకుల ఊహ.

ముక్కు తెరుచుకున్నా దగ్గు చాన్నాళ్లు వదల్లేదు. ఈలోపు అత్తయ్య కూడా తుమ్మడం మొదలుపెట్టారు. ఆవిడకు ఫ్యాన్ గాలి పడలేదట.