లండన్‌లో జీతం, వేగస్‌లో టిప్పు

లండన్ క్యాసినోలో పోకర్ పేకాటకి ముక్కలు పంచే డీలర్‌గా చేసినన్నాళ్లూ నా బుర్ర నిండా లెక్కలే. యూరప్‌లో పాట్ లిమిట్ ఒమాహా అనే పోకర్ రకమంటే చెవి కోసుకుంటారు. మనిషికి నాలుగేసి ముక్కలు, పందెం పాట్‌ని, అంటే బల్ల మధ్య పోగైన సొమ్ముని, మించకూడదు. పాట్‌లో 60 పౌండ్లున్నాయి, ఒకడు 60 కాశాడు, పక్కవాడు ‘పాట్’ అన్నాడు, పెంచగలిగినంతా పెంచుతానని. అంటే ఎంత? ముందు ఆ పందేనికి సరిగా తనూ 60 వేస్తే పాట్ 180, దానిమీద ఇంకో 180, వెరసి వాడు పెట్టాల్సింది 240. వాడు నోరు మూసేలోగా నేను చెప్పేయాలి.

మా ఆవిడకి లాస్ వేగస్‌లో నర్సు ఉద్యోగం వచ్చి ఇక్కడికొచ్చాక ఆ లెక్కలన్నీ మూలపడ్డాయి. మామూలు బల్లల మీద మనిషికి రెండేసి ముక్కల నో లిమిట్ హోల్డెమ్‌దే రాజ్యం, పందేనికి హద్దు లేదు, ఉన్నదంతా తోసేస్తానంటే తోసేయడమే. ఇక్కడ కావాల్సింది చేతివేగం, నవ్వుముఖం. ఎందుకంటే ఇల్లు గడిచేది టిప్పుతో.

బ్రిటన్‌లో 1968 నాటి చట్టం డీలర్లని టిప్పే పుచ్చుకోవద్దంది. తర్వాత ఆ నిషేధం ఎత్తేశారు గానీ, ఇచ్చే అలవాటు ఇక్కడంత లేదు. అక్కడ నెల తిరిగితే జీతం. నెవాడాలో కనీస వేతనం గంటకి 12 డాలర్లు, మా జీతం దాని చుట్టుపక్కలే. పాట్ గెలిచినవాడు ఒకటో రెండో డాలర్ల చిప్పు, అదే డబ్బుకి బదులు వాడే బిళ్ల, నావైపు తోస్తాడు. ఆ చిప్పుని ట్రే అంచుకి టక్కున కొట్టి, కెమెరాకి కనబడేలా వేసుకోవాలి. బ్లాక్‌జాక్ అనే ఇంకో పేకాట డీలర్లు అందరి టిప్పులూ కలిపి పంచుకుంటారు, పోకర్‌లో చాలాచోట్ల ఎవరిది వాళ్లదే. గంటకి ఎన్ని ఆటలు పంచితే అన్ని టిప్పులు. యాజమాన్యానికీ అదే కావాలి, ప్రతి పాట్‌లోంచీ రేక్, అంటే క్యాసినో వాటా, వస్తుంది కదా. అది పది శాతం దాటకూడదని నెవాడా నిబంధన. లండన్‌లో కొన్నిచోట్ల గంటకింతని కుర్చీకి వసూలు చేసేవారు, అప్పుడు తొందర నాకేంటి, వాళ్లకేంటి!

ఇంకోటి, ఆట నడుస్తుండగా ఇక్కడ ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష పనికిరాదు. యూరప్‌లో స్థానిక భాష కూడా చెల్లుతుంది. మొన్నో శనివారం కాలిఫోర్నియా నుంచి ఇద్దరు కుర్రాళ్లొచ్చారు. ఒకడు ముక్కలు కొంచెం ఎత్తి చూసుకుని, అప్పటికే పారేసిన పక్కవాడితో “ఒరేయ్, రెండు ఆసులురా” అన్నాడు. నా పేరుబిళ్ల చూసుకోలేదు పాపం. ముఖం బిగించి “ఇంగ్లిష్ ఓన్లీ ప్లీజ్” అన్నాను.

ఆటయ్యాక నెమ్మదిగా అడిగాడు. “అన్నా, మీకు అర్థమైందా?”

“మాది ఏలూరండీ.”

ఆ ఆసులు ఓడిపోయాయి. అయినా ఐదు డాలర్ల చిప్పు తోశాడు. ఓడినవాడు టిప్పివ్వడం వేగస్‌లో కూడా ఆచారం కాదు.