జెనీవా లేక్‌లో పడవ దింపాలంటే

షికాగో శివార్లలో ఉండే తెలుగువాళ్లలో, పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో జెనీవా సరస్సు ఒడ్డునున్న లేక్ జెనీవా అనే ఊరు చూడనివాళ్లు తక్కువ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లడం, పెద్ద పడవ ఎక్కించి సరస్సంతా తిప్పడం, ఐస్‌క్రీమ్ తినిపించి చీకటి పడేలోగా ఇల్లు చేరడం, ఇదీ వరస. మేమూ అలాగే వెళ్లొచ్చేవాళ్లం. ఈసారి మాత్రం సొంత పడవ వెంట తీసుకెళ్లాం. దాంతో అదే ఊరు వేరేగా కనిపించింది.

పడవ నాది కాదు, మా తోడల్లుడిది. భీమవరం దగ్గర పుట్టి పెరిగినవాడు, నీళ్లు కనిపిస్తే ఆగలేడు. చలికాలంలో ఎవరో ఇల్లు మారుతూ అమ్మేస్తుంటే 14 అడుగుల అల్యూమినియం బోటు ట్రెయిలర్‌తో సహా కొనేశాడు. "అన్నయ్యా, మోటారు ఫ్రీగా ఇచ్చేశాడు" అని ఫోన్‌లో సంబరంగా చెబుతుంటే, పక్కనుంచి మా మరదలు "ఫ్రీ కాదు బావగారూ, దాని రిపేరుకి బోటు ఖరీదుకన్నా ఎక్కువైంది" అని అందుకుంది.

జూలైలో ఒక శనివారం పొద్దున్నే రెండు కుటుంబాలం బయల్దేరాం. రూట్ 12 పట్టుకుంటే ఇలినాయ్‌లో చివరి ఊరు రిచ్‌మండ్. అది దాటితే విస్కాన్సిన్. చీజ్ కొట్లు, మొక్కజొన్న చేలు, ఆ తర్వాత కాసేపటికే లేక్ జెనీవా. సరిహద్దు నుంచి సుమారు పది మైళ్లే. ట్రెయిలర్ లాగుతున్నాం కాబట్టి మా తోడల్లుడు లేన్ మారినప్పుడల్లా వెనక సీట్లో ఆడవాళ్లకి టెన్షన్.

మొదట వెళ్లిన రేవు ఏ ఊరిదో చెప్పను. తొమ్మిదిన్నర కూడా కాలేదు, గేటు దగ్గర "ఫుల్" అని బోర్డు పెట్టేశారు. కిటికీ దించి చూశాను. కాంక్రీట్ ర్యాంప్ ఖాళీగా నీళ్లలోకి జారుతోంది. దాని పక్క, బోట్లు కట్టేయడానికి నీళ్లలోకి కట్టిన చెక్క వంతెన (పియర్) మీద ఒక్క మనిషి లేడు. ఎదురుగా 5,400 ఎకరాల సరస్సు. ఇందులో ఫుల్ అయిందేమిటి?

"పార్కింగ్" అన్నాడు అక్కడున్న కుర్రాడు. కాలేజీ పిల్లాడిలా ఉన్నాడు. బోటు దించుకోవచ్చట, కానీ దించాక ట్రక్కునీ ట్రెయిలర్‌నీ పెట్టడానికి చోటు లేదు. ఊళ్లో వీధుల్లో ట్రెయిలర్ ఆపితే ఫైన్. ఇంకో ఊరి రేవు చూసుకోమన్నాడు, మర్యాదగానే.

ఈ సరస్సు చుట్టూ ఉన్నది ఒక ఊరు కాదు. తూర్పు కొసన లేక్ జెనీవా సిటీ, పడమటి కొసన ఫాంటానా, ఉత్తరాన విలియమ్స్ బే, మిగతా ఒడ్డులో చాలా భాగం లిన్ అనే టౌన్‌షిప్ కింద ఉంటాయి. ఎవరి రేవు వాళ్లది, ఎవరి ఫీజు వాళ్లది, ఎవరి పార్కింగ్ వాళ్లది. మేం రెండో రేవు దగ్గర క్యూలో చేరాం. ఒక బోటు బయటికొస్తే ఒకటి లోపలికి. తోడల్లుడు స్టీరింగ్ వదలనన్నాడు. ఆడవాళ్లు, పిల్లలు ఒడ్డు వెంట పోయే షోర్ పాత్ అనే కాలిబాట మీద నడుస్తామంటే నేనూ కాసేపు వాళ్లతో వెళ్లాను.

ఆ దారి ఎవరైనా చూడాల్సినదే. సరస్సు చుట్టూ దాదాపు 21 మైళ్లు, పూర్వం పొటవాటమీ ఆదివాసులు నడిచిన బాట అంటారు. 1871లో షికాగో తగలబడిపోయాక అక్కడి ధనవంతులు ఇక్కడ బంగళాలు కట్టుకున్నారు. చూయింగ్ గమ్ రిగ్లీ కుటుంబం, సైకిళ్ల ష్విన్ కుటుంబం, అందరూ ఈ ఒడ్డునే. బాట వాళ్ల పచ్చికల మధ్య నుంచే పోతుంది, ఎవరైనా నడవచ్చు. అయితే ఎవరి ముందున్న ముక్క వాళ్లు వేయించుకుంటారు. ఒకరి దగ్గర ఎర్ర ఇటుక, తర్వాతి గజం నుంచి నాపరాయి, ఆ తర్వాత ఒట్టి కంకర, ఒకచోట గడ్డిలో పాతిన రాళ్లు. తలెత్తకుండా నడిచినా ఎక్కడ సరిహద్దు మారిందో కాళ్లకి తెలిసిపోతుంది. మా చిన్నమ్మాయి "ఇది రిచ్, ఇది వెరీ రిచ్" అంటూ గెంతింది.

నడవడానికి ఇంత ఉదారంగా ఇచ్చిన ఒడ్డు మీద కూర్చోవడానికి మాత్రం చోటుండదు. పడవ దింపడం సరేసరి. ప్రతి ఇంటి ముందూ తెల్లటి పియర్, దానికి రెండు మూడు బోట్లు. ఒడ్డున్నవాడికి రేవుతో పనిలేదు. లేనివాడికి ఆ నాలుగు ఊళ్ల ర్యాంపులే దిక్కు.

తిరిగొచ్చేసరికి క్యూ రెండు బళ్లు కదిలింది. ఏసీలో కూర్చుని ఫోన్‌లో విస్కాన్సిన్ చట్టాలు చదివాను. నవ్వకండి, అంతకన్నా చేయడానికేమీ లేదు. 1848లో రాష్ట్రం ఏర్పడినప్పటి రాజ్యాంగంలోనే, తొమ్మిదో ఆర్టికల్‌లో రాసుకున్నారు: మిసిసిపీలోకీ సెయింట్ లారెన్స్‌లోకీ పోయే, పడవ నడిచే నీళ్లన్నీ అందరి దారులే, ఎప్పటికీ ఉచితమే, పన్నూ సుంకమూ లేకుండా. రాష్ట్రం వాళ్లకే కాదు, దేశ పౌరులందరికీ. ఈ మాటలు, ఈ ప్రాంతం పాలన కోసం 1787లో చేసిన నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్ అనే చట్టం నుంచి వచ్చాయి. తోలు వ్యాపారులు బల్లకట్లూ దోనెలూ నడిపిన కాలం కదా, నదే వాళ్లకు రోడ్డు. జెనీవా సరస్సు నీళ్లు వైట్ రివర్‌గా బయల్దేరి, ఫాక్స్ నదిలో కలిసి, ఇలినాయ్ నది మీదుగా మిసిసిపీకే చేరతాయి. అంటే మా ముందున్న నీళ్లు ఆ లెక్కలోవే.

"పన్ను లేదని రాజ్యాంగంలో ఉంటే మరి వీడు లాంచ్ ఫీజు ఎందుకు తీసుకుంటున్నట్టు?" అన్నాడు తోడల్లుడు.

నీళ్ల మీద లేదు కానీ, కాంక్రీట్ మీదా పార్కింగ్ మీదా ఉంది. అక్కడే ఉంది కిటుకంతా. నీళ్లు అందరివీ అయినంత మాత్రాన ఒడ్డు అందరిదీ కాదు. ఒడ్డు ఎవరిదో వాళ్లదే. కాబట్టి హక్కు కాగితం మీద మిగిలిపోకుండా ఉండాలంటే ఎవరో ఒకరు కాస్త ఒడ్డు కొని, వాలు పోసి, బళ్లు పెట్టుకోవడానికి చదును చేసి ఇవ్వాలి. ఆ ఎవరో ఒకరు చాలాచోట్ల టౌన్ బోర్డో, విలేజ్ బోర్డో, కౌంటీయో.

వాళ్లు చేస్తున్నారా లేదా అన్నది రాష్ట్రం కొలిచే పద్ధతి నాకు భలే నచ్చింది. సహజ వనరుల శాఖ నిబంధనల్లో రేవుని కొలిచేది ర్యాంపులతో కాదు, ట్రెయిలర్ తగిలించిన బండి ఎన్ని పెట్టొచ్చు అన్న లెక్కతో. 100 నుంచి 499 ఎకరాల సరస్సుకి ప్రతి 30 ఎకరాలకీ ఒక బండి. 5,000 ఎకరాలు దాటితే 70 ఎకరాలకి ఒకటి, కానీ ఎంత తక్కువైనా 100 ఉండాలి. 50 ఎకరాల లోపు చిన్న చెరువైతే బోటు చేత్తో మోసుకెళ్లే దారి, అయిదు కార్లకు చోటు చాలు. ఈ కనీసం లేకపోతే ఆ సరస్సులో చేపపిల్లలు వదలడం లాంటి పనులకు శాఖ ముందుకు రాదు. ఊరివాళ్లకి తగిలేది ఇక్కడ. బయటివాళ్లు రాకూడదనుకుంటే, వాళ్ల సరస్సులోకి రాష్ట్రం చేపలూ రావు.

మా వంతు వచ్చింది. ఈ రేవులో ఫీజు తీసుకుంటున్నది ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి. తోడల్లుడు ట్రెయిలర్ వెనక్కి కొడుతుంటే చేతులతో సైగలు చేస్తూ దగ్గరుండి దింపించాడు. ముందు ఇలినాయ్ నంబర్ ప్లేటు చూసి, స్థానికులకు ఒక రేటు, బయటివాళ్లకు ఒక రేటు అని చెప్పాడు. ఆ తేడాకీ హద్దుంది, స్థానికుల ఫీజుకి ఒకటిన్నర రెట్లు మించకూడదు. అటెండెంటు ఉంటే, టాయిలెట్ ఉంటే ఇంకాస్త కలుపుకోవచ్చు. అంటే ఆయన అక్కడ ఉన్నందుకూ మేం కొంత కట్టామన్నమాట. ఆ మాటంటే ఆయనే పెద్దగా నవ్వాడు.

నేను పార్కింగ్ నుంచి నడిచొస్తుండగా ఆయనతో మాట కలిసింది. చెరువు గట్టునున్న ఏ ఊళ్లోనైనా గొడవ ఒకటేనన్నాడు. సరస్సు దాకా వెళ్లి ఆగిపోయే సన్నటి రోడ్డు ఒకటి ఉంటుంది. దాని రెండు పక్కలా ఇళ్లవాళ్లు మెల్లగా పచ్చిక పెంచుతారు, పూలమొక్కలు పెడతారు, ఒక పెద్ద బండరాయి కూడా వచ్చి కూర్చుంటుంది. కొన్నేళ్లకి అది రోడ్డన్న సంగతి కొత్తగా వచ్చినవాళ్లకి తెలియదు. అప్పుడు "ఎవరూ వాడటం లేదుగా, మూసేయండి" అని బోర్డుకి అర్జీ.

మా ఊరి కాలువ రేవు గుర్తొచ్చింది. మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, మెట్ల దాకా వెళ్లే సందు లేదు.

విస్కాన్సిన్‌లో ఆ అర్జీకి టౌన్ బోర్డు ఒప్పుకున్నా చెల్లదు. పడవ నడిచే నీళ్ల దాకా పోయే ఏ రోడ్డునీ, సందునీ, రాష్ట్ర శాఖ అనుమతి లేకుండా స్థానిక సంస్థ మూసేయడానికి వీల్లేదని చట్టం. ఇంకొకటి కూడా ఉంది. సరస్సు ఒడ్డున కొత్తగా లేఅవుట్ వేస్తే, అర మైలుకి మించని దూరంలో 60 అడుగుల వెడల్పున నీళ్లకి దారి వదలాలి. ఇది చదివి నాకు కాస్త అసూయ వేసిన మాట నిజం. అయితే కాగితం మీద 60 అడుగులు వదిలితే సరిపోదట. పాత లేఅవుట్ మ్యాపు తీసి, సర్వే చేయించి, పక్కింటాయన కంచె జరిపించడం మాత్రం టౌన్ బోర్డు మీదే పడుతుంది. బోర్డు సభ్యులూ పక్కింటాయనా ఒకే చర్చికి వెళ్తారు. అది కష్టమన్నాడు పెద్దాయన.

బయటివాళ్లు వస్తే ఊరికి ఇబ్బందేమీ లేదనను. శని ఆదివారాల్లో రద్దీ, పెద్ద బోట్ల అలలకి ఒడ్డు కోసుకుపోవడం, ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి బోటుతో పాటు వచ్చే పిచ్చి నాచు, జీబ్రా మసెల్ అనే గోటంత ఆల్చిప్ప, అవన్నీ నిజమైన బెడదలే. అందుకే నిబంధనల్లో కనీసంతో పాటు గరిష్ఠం కూడా పెట్టారు. కానీ వంద ట్రెయిలర్లతో సరస్సు ఇరుకైపోతుందనేవాళ్లు, 21 మైళ్ల పొడవునా పియర్లకి కట్టిన బోట్ల సంగతి ఎత్తరు.

ఈ రేవులు కట్టే డబ్బు ఎక్కడిదంటే, కొంత మాదే. 1950 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం గాలాలు, రీళ్ల తయారీదారుల దగ్గర పది శాతం సుంకం తీసుకుంటారు. 1984లో మోటారు బోట్ల పెట్రోలు మీది పన్నూ అందులో కలిపారు. అదంతా రాష్ట్రాలకి పంచి, ఆ వాటాలో 15 శాతం బోటు రేవుల కోసమే ఖర్చు పెట్టాలంటారు. రాష్ట్రం వాటి నుంచీ, సొంత నిధుల నుంచీ ఊళ్లకు గ్రాంట్లిస్తుంది. మిగతాది ఊరు వేసుకోవాలి. తోడల్లుడు కొన్న కొత్త రీళ్ల లెక్క ప్రకారం ఒక ర్యాంపు పక్క కర్బు రాయి మాదే అయ్యుండాలి.

నీళ్ల మీదికి వెళ్లాక ఈ గోలంతా పోయింది. ఆకుపచ్చగా, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. నడిమధ్యన లోతు 130 అడుగుల పైమాటే, సోనార్ తెరమీద అంకెలు పెరుగుతుంటే మరదలు లైఫ్ జాకెట్ పట్టీలు మళ్లీ బిగించుకుంది. విలియమ్స్ బే వైపు వెళ్లాం. ఆ ఊళ్లోనే 1897లో కట్టిన యెర్కీస్ అబ్జర్వేటరీ ఉంది, ప్రపంచంలోకెల్లా పెద్ద కటకపు టెలిస్కోపు అందులోదే. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1937లో అక్కడ ఉద్యోగంలో చేరి ఏళ్ల తరబడి ఈ ఊళ్లోనే కాపురం ఉన్నారు. ఇద్దరే విద్యార్థులున్న క్లాసు చెప్పడానికి ఇక్కణ్నుంచి షికాగోకి కారులో వెళ్లేవారని, ఆ ఇద్దరికీ ఆయన కన్నా ముందే నోబెల్ వచ్చిందని చెప్పుకుంటారు. పిల్లలకి ఈ కథ చెబుతుంటే ఒక గాలం వంగింది, కథ అక్కడికి ఆగింది.

బ్లూగిల్ చేపలు కొన్ని పడ్డాయి. అరచేయంత ఉంటాయి, పులుసుకి ముళ్లెక్కువ, వేపుడుకి బాగుంటాయి. రేవుకి తిరిగొచ్చాక పెద్దాయన బకెట్ చూసి తల అడ్డంగా ఊపాడు. ప్రాణమున్న చేపని నీళ్లతో సహా ఒడ్డు దాటించకూడదు, ఐసులో పెట్టాలి. బోటులో నీళ్లు పూర్తిగా వదిలేయాలి. ట్రెయిలర్ ఇరుసుకి చుట్టుకున్న నాచు పోచ ఒకటి ఆయనే వంగి లాగి, చెత్తబుట్టలో వేశాడు. చిన్నమ్మాయికి ఆ పని నచ్చింది. చక్రాల మధ్య దూరి ఇంకో రెండు పోచలు పట్టుకొచ్చింది.

సీజన్ పాస్ ఎంతని తోడల్లుడు అడిగాడు. బయటివాళ్ల రేటు చెప్పాడు పెద్దాయన. తిరుగు దారంతా, వేసవి అయ్యేలోగా ఎన్నిసార్లు వస్తే గిట్టుబాటవుతుందో లెక్కలు నడిచాయి. పెట్రోలు కూడా కలపమంది మరదలు. అది కలిపాక లెక్క తేలలేదు. పాస్ కొనాలా వద్దా అన్నది రిచ్‌మండ్ దాటేదాకా వాదించుకుని, వచ్చే ఏడు పార్కింగ్ పెరుగుతుందేమో చూసి కొందామని వాయిదా వేశాం.