పంది రూపాయికి మార్కులు

సెయింట్ లూయిస్ నుంచి షికాగో వెళ్లే ఐ-55 రహదారి మీద మొక్కజొన్న చేలు తప్ప చూడదగ్గది ఏమీ లేదు. 2024 ఆగస్టులో ఆ దారి పట్టింది రోజ్‌మాంట్‌లో జరిగిన నాణేల ప్రదర్శన కోసం. ఓహేర్ విమానాశ్రయం పక్కనే ఉన్న కన్వెన్షన్ సెంటర్లో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ దాన్ని నిర్వహించింది. 1891లో షికాగోలోనే పుట్టిన సంఘం అది. ‘వరల్డ్స్ ఫెయిర్ ఆఫ్ మనీ’ అని పేరు ఘనంగా ఉంది గానీ, లోపల అచ్చంగా సంతే. బేరాలు కూడా మన పద్ధతిలోనే: వెల వినగానే పెదవి విరవడం, రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి రావడం.

షికాగో దగ్గర అరోరాలో ఉండే మా బావమరిది తోడు వచ్చాడు. వాళ్ల ఊరి బాలాజీ గుడిలో దండం పెట్టుకుని మరీ బయలుదేరాం. 2014లో ఇదే ప్రదర్శనలో అమెరికా టంకశాల కెనెడీ బంగారు అర డాలర్లు అమ్మకానికి పెడితే జనం రాత్రంతా బయట పడిగాపులు కాశారు. చివరికి అక్కడ అమ్మకమే ఆపేయాల్సి వచ్చింది. మేం వెళ్లిన రోజు అంత సందడి లేదు.

నా దగ్గరున్నవి రెండు వెండి రూపాయలు. రెండూ అమెరికాలో కొన్నవే. తెనాలిలో మా అమ్మ బీరువాలో ఇంతకన్నా మంచివి ఉన్నాయి, కానీ నూరేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తు చట్టం ఒప్పుకోదు.

మొదటిది 1911 నాటి ఐదో జార్జి రూపాయి, నాణేల వాళ్ల భాషలో పంది రూపాయి. రాజుగారి వస్త్రం మీద గొలుసులో ఏనుగు బొమ్మ ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే తొండం పొట్టి, కాళ్లు పొట్టి. దాన్ని పంది అనుకున్న వాళ్లను తప్పు పట్టలేం. ముస్లింల నుంచి అభ్యంతరాలు రావడంతో చలామణి ఆపి, మరుసటి ఏడాది ఏనుగును సరిగ్గా చెక్కించారు. ముద్రించిన 94 లక్షల్లో జనం చేతికి వచ్చినవి 7 లక్షలే. మిగతావి కరిగించేశారు.

రెండోది నిజాం చార్మినార్ రూపాయి. నడి ద్వారంలో ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం ఉంది కనుక ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. ‘మీమ్’ ఉంటే ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్‌ది అయ్యేది. భారతీయ నాణేలు అమ్మే ఒక పెద్దాయనకు చూపించాను. అంచులు మాత్రమే పట్టుకుని, దీపం కింద మెల్లగా తిప్పి, మినార్ల పైన ఒకచోట ఆగాడు. అంచు మీద ఆవగింజంత టంకం. “ఇది ఎవరి మెడలోనో ఉండేది” అన్నాడు. గ్రేడింగుకు, అంటే నాణేనికి మార్కులు వేయించడానికి, ఇస్తే అంకె రాదని, లోపం ఉందన్న అర్థంలో ‘డీటెయిల్స్’ అని రాసి పంపుతారని కూడా చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. సొరుగులో పడి నిద్రపోయిన నాణేనికి మంచి అంకె, ఒక ఆడమనిషి జీవితమంతా మోసిన నాణేనికి లోపం ముద్ర! అయినా ఆ వ్యాపారం నడిచేది ఉపరితలం మీదే. చార్మినార్ రూపాయిని మళ్లీ జేబులో వేసుకున్నాను.

గ్రేడింగ్ అంటే 1 నుంచి 70 దాకా అంకె వేయడం. విలియం షెల్డన్ 1949లో పాత అమెరికా సెంట్ల కోసం కట్టిన కొలమానం అది. 1986లో పీసీజీఎస్, ఆ మరుసటి ఏడు ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు వచ్చాక, అంకె వేసి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేయడం పెద్ద వ్యాపారమైంది. 60 నుంచి పైన ఉన్నవి వాడకం ఎరగని నాణేలు. ఒక్క అంకె తేడాతో ధర తారుమారవుతుంది.

పంది రూపాయిని గ్రేడింగుకు ఇద్దామని వెళితే, కౌంటర్ దగ్గర ఫారం నింపడమే పెద్ద పని. దేశం, సంవత్సరం, విలువ, మనం ప్రకటించే ధర. ఆ చివరి గడిని బట్టే రుసుము, బీమా. నాణెం గట్టి మైలార్ ప్లాస్టిక్ సంచిలో ఉండాలి. మెత్తని పీవీసీ సంచుల్లో ఏళ్ల తరబడి ఉంటే పచ్చటి జిగురు పట్టి వెండి పాడవుతుంది. కౌంటర్లోని అమ్మాయి సంచిని రెండు వైపులా తిప్పి, ఫారంతో సరిచూసి, రసీదు చింపి ఇచ్చింది.

“రూపాయికి మార్కులు వేయించడానికి ఇన్ని డాలర్లా బావా?” అన్నాడు మా వాడు.

దసరా దాటాక పార్సిల్ వచ్చింది. 62 వస్తుందని ఆశపడ్డాను, ఏయూ 58 వచ్చింది. ఏయూ అంటే దాదాపు వాడకం ఎరగనిది అని. రాజుగారి చెంప మీద, మీసం చివర టంకశాల మెరుపు కాస్త చెదిరిందట. దీపం కింద పెట్టి చూస్తే నిజమే, అక్కడ వెండి మసకగా ఉంది. బావమరిదికి ఫోన్ చేశాను.

“నూటికి యాభై ఎనిమిదా? సెకండ్ క్లాసన్నమాట.”

“డెబ్బైకోయ్.”

“అయితే ఫస్ట్ క్లాసే. భోజనం ఎప్పుడు పెట్టిస్తావు బావా?”