క్రాఫ్ట్ షెడ్డు పాఠం

మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకు ఏదైనా రాయమని కమిటీ తరఫున మన మానిటర్ ఫోన్ చేయగానే నాకు క్రాఫ్ట్ మాస్టారే గుర్తొచ్చారు. రేవు మెట్ల సంగతి, వశిష్ఠ గోదావరిలో కొట్టుకుపోయిన ట్రంకు పెట్టె సంగతి హాస్టలు ఐదో గది వాళ్లు ఎలాగూ రాస్తారు.

పదో తరగతిలో జరిగిన ఉజ్జీవ కూటాలు, అంటే భక్తిని రగిలించే ప్రత్యేక ప్రార్థన సభలు, ఎవరూ మరచిపోయి ఉండరు. చివరి రాత్రి దైవసేవకు సమర్పించుకునేవారు చేతులెత్తమంటే ఐదో గది మొత్తం ఎత్తింది. నేను ఎత్తలేదు. నలుగురి ముందు నోరు పెగలని నాకు ప్రసంగాలు ఎలా వస్తాయి?

మరునాడు షెడ్డులో మాస్టారు చిత్రిక పక్కన పెట్టి, బైబిల్లోని నిర్గమకాండం 31వ అధ్యాయం నాతో చదివించారు. దేవుడు పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపానని చెప్పిన బెసలేలు బంగారం, వెండి, ఇత్తడి, రాయి, చెక్క పని తెలిసినవాడు. "ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పాస్టరా? ఇంజనీరు. ఆయన భక్తి మన కాలువల్లో పారుతోంది. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించిన విలియం కేరీ ఒకప్పుడు చెప్పులు కుట్టినవాడే. నీ తలాంతు, దేవుడు నీకిచ్చిన నేర్పు, నీ వేళ్లలో ఉంది, దాన్ని పాతిపెట్టకు" అన్నారు.

ఆ శనివారం చంకకర్రలు సైకిలుకు కట్టి, నన్ను కుష్ఠు ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి చెప్పుల గదిలో చూశాను, స్పర్శ లేని పాదానికి నొప్పి తెలియదు, అదే దాని ప్రమాదం. ఒత్తిడి పడిన చోట పుండవుతుంది. అందుకే మెత్తని మైక్రో సెల్యులర్ రబ్బరు అట్ట వేస్తారు, మేకు ఒక్కటి కూడా కొట్టరు, జారకుండా మడమ వెనుక పట్టీ పెడతారు. ఒక పెద్దాయన కొత్త చెప్పులతో వరండా చివరిదాకా నడిచి వచ్చి మాస్టారికి నమస్కారం పెట్టారు. నా పిలుపు నేను విన్నది అక్కడే.

తరువాత వెల్లూరు దగ్గర కరిగిరి కుష్ఠు ఆసుపత్రిలో చెప్పుల పని నేర్చుకున్నాను. 1946లో వెల్లూరు వచ్చి కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, వైద్యం చదవకముందు ఇళ్లు కట్టే పని నేర్చుకున్నారని అక్కడే తెలిసింది. మాస్టారికి ఉత్తరం రాస్తే, దాన్ని షెడ్డు గోడకు అతికించారట.

మన సంఘాల్లో ఇప్పటికీ మైకు పట్టుకున్నవారినే దైవసేవకులంటారు. నాకది బాధ. తెల్లవారకముందే లేచి హాస్టలుకు వండిపెట్టిన అమ్మగారు చేసింది ఎవరి సేవ? ఈ మాట అనడానికి నాకు అర్హత ఉందనుకుంటున్నాను. నేను కుట్టిన చెప్పులతో లంక గ్రామాల్లో మనుషులు పొలాలకు, ప్రార్థనలకు వెళుతున్నారు. మా అమ్మాయి ఫిజియోథెరపీ చదివి, నా పక్క గదిలోనే రోగులను చూస్తోంది. చివరి రోజుల్లో షుగరు వల్ల మొద్దుబారిన మాస్టారి పాదాలకు కొలత తీసుకున్నది కూడా నేనే.

మనలోనూ చాలామందికి షుగరు ఉందని విన్నాను. సమ్మేళనం రోజున భోజనాలయ్యాక షెడ్డు దగ్గరికి రండి. కాగితం, పెన్సిలు నేనే తెస్తాను, పాదాల కొలతలు ఇచ్చి వెళ్లండి.