రెండు భాషలలో ఒకే పక్షి

డాలస్‌లోని మా స్నేహితుల గృహప్రవేశ ఆహ్వానాన్ని చదువుతూ మా పదేళ్ల అమ్మాయి ‘ఆస్పిషస్’ అన్న మాట దగ్గర ఆగి, “అమ్మా, దీన్ని తెలుగులో ఏమంటారు?” అని అడిగింది. ‘శుభప్రదం’ అని చెప్పాను. అర్థం సరిపోయినా తృప్తి కలగక, ఆ రాత్రి ఆ మాట పుట్టుక వెతికాను.

లాటిన్‌లో ‘ఆవిస్’ అంటే పక్షి, ‘స్పెకెరె’ అంటే చూడడం. పక్షుల కదలికలను బట్టి దేవతల అనుమతి ఉందో లేదో చెప్పేవారిని ప్రాచీన రోమ్‌లో ‘ఆస్పెక్స్’ అనేవారు. ఇంగ్లీషు మాటకు మూలం అదే. రోమ్‌ను ఎవరి పేరున కట్టాలో తేల్చుకునేందుకు అన్నదమ్ములిద్దరూ ఆకాశం వైపు చూస్తే రెమస్‌కు 6 రాబందులు, రోములస్‌కు 12 కనిపించాయని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. రాబందు ఇంటిమీద వాలితేనే కీడని భయపడిన మన పెద్దలకు ఈ కథ వింతగా తోస్తుంది.

అయితే మన ‘శకునం’ కూడా పక్షే. సంస్కృతంలో శకునం, శకుని, శకుంతం అన్నీ పక్షి పేర్లే. ఋగ్వేదం రెండవ మండలంలోని 42, 43 సూక్తాలు శుభం పలకమని పక్షిని వేడుకుంటాయి. అడవిలో పక్షులు కాపాడిన పసికందు కనుకనే కణ్వుడు శకుంతల అని పేరు పెట్టాడని మహాభారతం చెబుతుంది. ‘ఆస్పిషస్’కూ ‘శకునాని’కీ చుట్టరికం లేదు. దూరదూరంగా బతికిన మనుషులు ఏ పని మొదలుపెట్టాలన్నా ముందుగా తలెత్తి పక్షినే చూశారన్న సంగతి, బడిలో ఒక భాష, ఇంట్లో ఒక భాషతో పెరుగుతున్న నా కూతురికి నేను ఇవ్వగలిగిన మంచి కానుక అనిపించింది.

తెలంగాణలో దసరానాడు జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లేటప్పుడు పాలపిట్టను చూడడం శుభశకునం. తీగమీద కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఉండే ఆ పిట్ట, ఎగిరిందంటే రెక్కల్లోంచి నీలం ఒక్కసారిగా విప్పారుతుంది. ఇక్కడ అది లేదు. మొన్న దసరానాడు పెరటి కంచెమీద బ్లూ జే వాలితే మా అమ్మాయి, “పాలపిట్ట!” అని అరిచింది. బ్లూ జే కాకుల కుటుంబానికి చెందిన వేరే పక్షి. అయినా ఆంగ్లేయులు మన దేశంలో పాలపిట్టను బ్లూ జే అనే పిలిచేవారు కనుక, కాదనబుద్ధి కాలేదు. వీడియో కాల్‌లో ఉన్న నానమ్మ మాత్రం వెంటనే, “ఎటు ఎగిరింది బిడ్డా, కుడికా ఎడమకా?” అని అడిగింది. నా కూతురు తన రెండు చేతులనూ ఒకసారి చూసుకుని, కుడిచెయ్యి పైకెత్తి చూపించింది.