దసరా నుంచి సంక్రాంతి దాకా ఒకటే పద్దు

అమెరికాలో మన తెలుగు ఇళ్లకు బహుమతుల ఖర్చు డిసెంబరులో మొదలవదు. దసరాకి బొమ్మల కొలువు, పేరంటానికి వచ్చినవాళ్లకి రిటర్న్ గిఫ్టులు, ఆ వెంటనే దీపావళి, నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, మర్నాడు డిస్కౌంట్ల బ్లాక్ ఫ్రైడే, తర్వాత క్రిస్మస్, అది దాటగానే భోగిపళ్లు. ఏ పండక్కి ఆ పండగ "ఇంతేగా" అనుకుంటూ కార్డు గీకితే జనవరి బిల్లు చూసి టెన్షన్ పడక తప్పదు. పైగా ఇక్కడ చాలా కార్డుల మీద వడ్డీ ఏడాదికి 20 శాతం పైనే.

మా ఇంట్లో వీటన్నిటికీ కలిపి ఒకటే పద్దు. జనవరి నుంచి సెప్టెంబరు దాకా నెలకు 70 డాలర్లు వేరే ఖాతాలో వేస్తాం, ఆ 630 లోపలే అన్నీ అయిపోవాలి. కొన్ని క్రెడిట్ యూనియన్లలో (సభ్యులే నడుపుకునే సహకార బ్యాంకుల్లాంటివి) దీనికోసమే క్రిస్మస్ క్లబ్ ఖాతాలుంటాయి, 1909లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఒక బ్యాంకు మొదలుపెట్టిన పద్ధతి అది. మన అమ్మలు పండగ బట్టల కోసం చీటీ కట్టినట్టే, కొంచెం కొంచెం వేస్తూ పోతే పండగ ముందు చేతికొస్తుంది. మధ్యలో తీస్తే కొన్నిచోట్ల కోత పడుతుంది, అది ముందే అడిగి తెలుసుకోండి.

ఈ అంకె పిల్లలకు చెప్పాలా అని చాలామంది తటపటాయిస్తారు. చెప్పాలనే నేనంటాను. ఏడాదికి ఒక్క పెద్ద బహుమతి, అది ఏ పండక్కి కావాలో వాళ్లే ఎంచుకోవాలి, మిగతా పండగలకి చిన్నవే. మా పెద్దది దీపావళి అంది, సెలవుల తర్వాత క్లాసులో చెప్పుకోవడానికి కొత్తదేమీ ఉండదని తెలిసి కూడా. చిన్నాడు క్రిస్మసే కావాలన్నాడు. వాడి వయసుకి అది సహజం, దానికి "మన పండగ కాదు కదా" అని వాణ్ణి చిన్నబుచ్చడం నాకిష్టం లేదు, వాడు పుట్టి పెరుగుతున్నది ఇక్కడే.

కానీ శాంటా విషయంలో మాత్రం నేను చాలా గట్టిగా ఉంటాను. జనవరిలో బడి తెరవగానే పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న, శాంటా నీకేం తెచ్చాడని. ఒకరికి వీడియో గేమ్, పక్కవాడికి రంగు పెన్సిళ్లు వస్తే ఆ రెండోవాడు తను మంచి పిల్లాడు కానందుకే ఇలా అయిందని నిజంగా నమ్ముతాడు. అందుకని శాంటా పేరున ఒక పుస్తకమో చిన్న బొమ్మో చాలు, ఖరీదైనది ఏదైనా అమ్మానాన్నల పేరునే ఇవ్వండి. కష్టపడి కొన్నది మనమేనని పిల్లలకూ తెలియాలి కదా.

టీచరుకి క్లాసు తల్లిదండ్రులంతా కలిసి ఇచ్చే గిఫ్ట్ కార్డులో పది డాలర్లు వేసి, పిల్లలచేత చేత్తో ఒక ఉత్తరం రాయిస్తే సరిపోతుంది.

తగ్గించాల్సింది అసలు మన రిటర్న్ గిఫ్టులు. నలభైమంది వస్తే మనిషికి ఐదు డాలర్ల డబ్బా అన్నా 200 డాలర్లు, అది మా పద్దులో దాదాపు మూడోవంతు, అందులో సగం డబ్బాలు ఎవరి అలమరలోనో మూలుగుతాయి. పేరంటానికి శనగలు, పండు, తాంబూలం ఇస్తే చాలదా? ఒక్కరే మానేస్తే మొహమాటంగా ఉంటుంది, కాబట్టి నాలుగిళ్లవాళ్లు ముందే మాట్లాడుకోండి. పిలుపు మెసేజ్‌లోనే "గిఫ్టులు ఇవ్వట్లేదు, మీరూ తేకండి" అని రాసేయండి. మేం అలాగే రాశాం, ఎవరూ ఏమీ అనుకోలేదు.