వేలెత్తితే నవ్వినట్టు

ఆరేసిన బట్టలు తెచ్చి మంచం మీద వేసి చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. వెనక్కి తిరిగితే హాలు మధ్యలో పడి ఉంది. అది ఎప్పుడు ఊడిపోయిందో నాకు తెలియనే లేదు. రెండు రోజులుగా అరికాళ్లు తిమ్మిరెక్కినట్టు ఉంటే ఎక్కువసేపు ఒకేచోట కూర్చున్నందుకేమో అనుకున్నాను. మొదట చూసిన డాక్టరు నీరసం అన్నారు, విటమిన్ మాత్రలు రాసిచ్చారు. మర్నాడు మెట్లెక్కడానికి రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ మర్నాడు పొద్దున బాత్రూంలో కూర్చున్నదాన్ని ఇక లేవలేకపోయాను. మా ఆయన గడియ విరగ్గొట్టి లోపలికొచ్చి నన్ను ఎత్తుకున్నారు.

పెద్దాసుపత్రిలో న్యూరాలజిస్టు రబ్బరు సుత్తితో మోకాలి చిప్ప కింద కొట్టారు. కాలు కదల్లేదు. రెండో మోకాలు, చీలమండలు, ఎక్కడ కొట్టినా అంతే. "ఈమధ్య విరేచనాలేమైనా అయ్యాయా?" అని అడిగారు. రెండు వారాల కిందట అయ్యాయి, మూడు రోజుల్లో తగ్గాయి, నేను మర్చిపోయాను కూడా. నరాల పరీక్ష చేశారు, వెన్నులోంచి నీరు తీశారు. తర్వాత పేరు చెప్పారు: గులియన్ బారీ సిండ్రోమ్. జీబీఎస్ అంటారు. 1916లో ఫ్రాన్సులో ముగ్గురు డాక్టర్లు ఇద్దరు సైనికుల్లో గమనించి రాశారట. వెన్నునీటిలో ప్రొటీన్ ఎక్కువగా ఉండి, కణాలు మాత్రం పెరగకపోవడం అప్పుడు వాళ్లు చూసిన గుర్తు. నా రిపోర్టులోనూ అదే ఉంది.

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. కడుపులోకి చేరిన క్రిమితో పోరాడటానికి ఒంట్లో తయారైన రక్షణ బలగం, ఆ క్రిమికీ నరాలకీ ఉన్న పోలిక వల్ల పొరబడి నరాల మీదే పడుతుంది. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగులాగా నరాల మీద ఉండే పొర దెబ్బతింటుంది. కాళ్లతో మొదలై పైకి పాకుతుంది. "రెండు మూడు వారాలు, ఒక్కోసారి నాలుగు వారాలదాకా దిగజారుతుంది. అక్కడ కొన్నాళ్లు ఆగుతుంది. తర్వాత నెమ్మదిగా వెనక్కి వస్తుంది. చాలామంది మళ్లీ నడుస్తారు." ఆ చివరి మాట మా ఆయన మళ్లీ చెప్పించుకున్నారు.

అసలు భయం ఊపిరి గురించి. నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరమవుతుంది. అందుకే ఐసీయూలో పెట్టి రోజుకి ఎన్నోసార్లు ఒక పరీక్ష చేసేవాళ్లు. గుండెనిండా గాలి పీల్చుకుని, ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలనో చెప్పాలి. మొదటి రోజు 33. మర్నాడు 26. మూడో రోజు 19. ఆ అంకె తగ్గుతున్నకొద్దీ సిస్టర్ ముఖంలోకి చూడటానికి భయమేసేది.

పిల్లల్ని ఐసీయూలోకి రానివ్వరు. మా చిన్నదానికి అప్పుడు ఎనిమిదేళ్లు. సాయంత్రం వీడియో కాల్‌లో, ఈ లెక్కలేమిటో తనకీ చెప్పమంది. చెప్పాను. "అయితే ఇద్దరం కలిసి చెబుదాం" అంది. మొదలుపెట్టాం. 19 దగ్గర నా ఊపిరి అయిపోయింది. పాప ఆగలేదు. మధ్యలో గబుక్కున గాలి పీల్చుకుని, "మిగతావి నేను చెప్తాలే అమ్మా, నువ్వు పడుకో" అని 33 దాకా ఒక్కో అంకే చెప్పింది. ఫోన్ పట్టుకున్న సిస్టర్ ముఖం పక్కకి తిప్పుకుంది. ఆ రాత్రి టెన్షన్ లేకుండా పడుకున్నానని చెప్పను గానీ, పడుకున్నాను.

నాలుగో రోజుకి ముఖం కూడా పోయింది. ఈ జబ్బులో చాలామందికి ముఖం కండరాలు కూడా చచ్చుబడతాయి. కళ్లు పూర్తిగా మూతపడవు, రాత్రిళ్లు చుక్కల మందు వేసి టేపు అంటించేవాళ్లు. పెదాలు కలవక మాటలు ముద్దముద్దగా వచ్చేవి. వీటన్నిటికంటే నన్ను కుంగదీసింది, నవ్వలేకపోవడం. ఆరోజు ఫోన్‌లో పాప తన స్నేహితురాలి కబురేదో చెబుతోంది. లోపల నాకు నవ్వు పొంగుతోంది, ముఖం మాత్రం గోడలా ఉండిపోయింది. పాప చెబుతున్నది ఆపేసి వాళ్ల నాన్నని అడిగింది: "అమ్మకి నా మీద కోపమా?"

కుడిచేతి చూపుడువేలు ఒక్కటి కొంచెం లేచేది. మా ఆయన దాన్ని చూశారు. "అమ్మ వేలెత్తితే నవ్వినట్టు. గట్టిగా నవ్వితే రెండుసార్లు ఎత్తుతుంది" అన్నారు. పాప కెమెరాని నా వేలికి దగ్గరగా పెట్టమని పట్టుబట్టింది. తర్వాత అరగంటసేపు ఆ వేలు లేపించడమే పనిగా పెట్టుకుంది. పదమూడేళ్ల పెద్దవాడు అప్పటిదాకా ఫోన్ దగ్గరికే రాలేదు, నన్ను అలా చూడలేక. ఆ రోజు వచ్చాడు. వాడు చెప్పినదానికి వేలు రెండుసార్లు లేచింది. జబ్బు ఇంకా దిగజారుతున్న రోజు అది. మా నలుగురికీ ఆ వారంలో మనసారా నవ్విన అరగంట కూడా అదే.

మందు గురించి కూడా చెప్పాలి. ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్, సెలైన్‌లాగా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. కిలో బరువుకి 0.4 గ్రాముల చొప్పున అయిదు రోజులు. నా 60 కిలోలకి రోజుకి 24 గ్రాములు. గాజు సీసాలో వస్తుంది. ఊపితే నురగ వస్తుందని సిస్టర్ దాన్ని నిండు గిన్నెలా కదలకుండా తెచ్చేది. మొదట చాలా నెమ్మదిగా వదిలి, బీపీ చూసుకుంటూ వేగం పెంచేది. తలనొప్పి వచ్చేది, అది మామూలేనన్నారు.

అది ఎక్కడినుంచి వస్తుందో మా పెద్దవాడు చదివాడు. ఫ్యాక్టరీలో రసాయనాలతో తయారయ్యేది కాదు. కొన్ని వేలమంది ఇచ్చిన ప్లాస్మాని, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని కలిపి, అందులోంచి తీస్తారు. "అమ్మా, నీలోకి వేలమంది వస్తున్నారు" అన్నాడు. ఆ మాట నన్ను ఎంత కదిలించిందో వాడికి ఇప్పటికీ తెలియదేమో. మర్నాటినుంచి రోజూ సాయంత్రం ఒక్కొక్కరూ ఆ వేలమందిలో ఒకరి గురించి ఊహించి చెప్పేవాళ్లు. సూదంటే భయపడుతూనే వెళ్లిన కాలేజీ కుర్రాడు. డ్యూటీ దిగి ఇంటికి పోతూ ఆగిన బస్సు డ్రైవరు. పాప ఊహలో ఒక టీచరు, హోంవర్క్ ఇవ్వని టీచరు. మా అత్తయ్య చివరన చెప్పారు: "బిడ్డ జబ్బునుంచి బయటపడిన తల్లి ఎవరో ఇచ్చి ఉంటుందమ్మా."

అప్పటిదాకా కృతజ్ఞత అనే మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "ఇంకా నయం, ప్రాణానికేం కాలేదు" అనేవాళ్లు. "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు ఎంతమంది లేరూ" అనేవాళ్లు. వాళ్లకి ప్రేమ ఉంది, కాదనను. కానీ కదల్లేక పడుకున్న మనిషిని సంతోషించమనడం ఆ మనిషి నెత్తిన ఇంకో బరువు పెట్టడమే. ఎవరో నాకంటే ఎక్కువ బాధపడుతున్నారన్న తలపుతో నేనెలా ఊరట పొందను? "ఇంకా నయం" అన్నమాట మా ఇంట్లో ఎవరూ అనకూడదని మా ఆయన చెప్పేశారు. నా దగ్గర ఏడవడానికి కూడా సిగ్గుపడొద్దని నేను ఆయనకి చెప్పాను, ముద్దమాటల్లోనే. ఆసుపత్రి మెట్ల దగ్గర ఒంటరిగా ఏడ్చి, కళ్లు కడుక్కుని వస్తున్నారని నాకు తెలుసు. ఆ రోజు మంచం పక్కన కూర్చుని ఏడ్చారు. ఆ తర్వాత ఇద్దరికీ చాలా తేలికగా అనిపించింది.

లెక్క 17 దగ్గర ఆగింది. అయిదు రోజులు అక్కడే ఉంది. ఆరో రోజు 18 వచ్చింది. వెంటిలేటర్ దాకా వెళ్లలేదు. ఆ ఒక్క అంకెకి వార్డు బాయ్‌తో సహా అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక నెలలు పట్టింది. పోయిన బలం పైనుంచి కిందికి తిరిగొచ్చింది, పాదాలు అన్నిటికంటే చివర. రాత్రి దుప్పటి తగిలినా పాదాలు మంటెత్తేవి, మా అత్తయ్య దుప్పటి కాళ్లకి తగలకుండా మంచం చివర అట్టపెట్టె పెట్టి దాని మీద కప్పేవారు. ఫిజియోథెరపీ పుస్తకంలో పెద్దవాడు రోజూ రాసేవాడు: ఎన్నిసార్లు మోకాలు మడిచాను, పట్టుకోకుండా ఎన్ని సెకన్లు నిలబడ్డాను. ఒకరోజు నాకు విసుగొచ్చి పుస్తకం తోసేశాను. వాడు ఏమీ అనలేదు, తీసి ఆ రోజు గడిలో "అమ్మకి ఇవాళ బాలేదు" అని రాసి మూసేశాడు. ఆ పేజీ ఇప్పటికీ నాకు అపురూపం. అలసట ఇప్పుడూ పూర్తిగా వదల్లేదు, మధ్యాహ్నం గంట పడుకోకపోతే సాయంత్రానికి కాళ్లు ఈడుస్తాను.

మా ఆయన అప్పటినుంచి తప్పకుండా రక్తదానం చేస్తున్నారు. వెళ్లొచ్చిన రోజు దూదిపట్టీ సాయంత్రందాకా తీయరు. పాప దాన్ని వేలితో ముట్టుకుని చూస్తుంది.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం చేతికర్ర పట్టుకుని పాప స్కూలు దాకా నడిచి వెళ్లాను. చెప్పకుండా వెళ్లాను. బెల్లు కొట్టారు, పిల్లలందరూ ఒక్కసారిగా బయటికొచ్చారు. దూరంనుంచి నన్ను చూసి పాప పరుగెత్తుకొస్తుందనుకున్నాను. అక్కడే ఆగిపోయింది. బ్యాగు భుజం మీదికి సర్దుకుని, చూపుడువేలు ఎత్తింది. ఒకసారి, రెండోసారి. నా ముఖం అప్పటికే బాగా నవ్వుతోంది. అయినా కర్రని ఎడమ చేతిలోకి మార్చుకుని నేనూ రెండుసార్లు వేలెత్తాను.